రెండువందల అరవై జీబీల లోటు

ఆ శనివారం పొద్దున పింఛను గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు చేరాలి. పదింటికి రిపేరు మనిషి వస్తాడు. పన్నెండింటికల్లా కంప్యూటర్ బాగుపడుతుంది. ఒంటిగంటకు ఇంటికొచ్చి భోంచేసి ఒక కునుకు తీయాలి. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఆయన సొంతంగా వేసుకున్న మొదటి పథకం ఇదే. మిగతావన్నీ పైనుంచి వచ్చినవి. వాటి కింద సంతకం పెట్టడం వరకే ఆయన వంతు.

"ఆఫీసు కంప్యూటర్‌కి మన డబ్బులు పెట్టడమేంటండీ?" అంది భార్య, ఇస్త్రీ చొక్కా చేతికిస్తూ. "మీ కళ్ళజోడు కాడ విరిగితే మూడు నెలలు దారం కట్టుకుని తిరిగారు. దానికి లేని డబ్బులు దీనికెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?"

"కళ్ళజోడుతో నాకొక్కడికే పని. దీంతో మనిద్దరికీ పని" అన్నాడాయన.

అందులో అబద్ధమేమీ లేదు. ఇంకో ఇరవై నాలుగు పనిదినాల్లో ఆయన రిటైరవుతున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లోకి వచ్చే ఆదాయం పింఛను ఒక్కటే. ఆ పింఛను ఫైలు తయారుకావలసింది ఆయన కూర్చునే సీటులోనే. అయితే ఎవరి ఫైలు వారు చేసుకోకూడదన్నది నిబంధన. కాబట్టి ఆయన వెళ్ళిపోయాక ఆ సీటులోకి వచ్చే కొత్త మనిషి ఆయన ఫైలు చేయాలి. అదైనా వరసలో దాని వంతు వచ్చినప్పుడే.

వరస విషయంలో ఆయన పెట్టింది పేరు. ఆఫీసులో అందరూ ఆయన్ని వరసయ్య అనేవారు, ముందు చాటుగా, తర్వాత మొహం మీదే. ఏ ఫైలు ముందొస్తే దానికే ముందు మోక్షం. పెద్దవాళ్ళతో ఫోన్లు చేయించినా, బతిమాలినా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, ఆయన ఫైలు పైకి తీయడు, కిందికి తోయడు. ఇప్పుడు ఆ వరసలో ఆయన ముందు నలభై ఒక్క ఫైళ్ళున్నాయి. నలభై రెండోది ఆయనది. ముప్ఫై మూడేళ్ళుగా ఇతరులకు చెప్పిన మాటను తనకోసం మింగలేడు గనక, తన ఫైలు ముందుకు జరపలేడు. వరస ఖాళీ చేయడం ఒక్కటే దారి. అప్పుడు కొత్తగా వచ్చినవాడు కుర్చీలో కూర్చుని ట్రేలో చేయి పెడితే మొదట తగిలేది తన ఫైలే అవుతుంది.

అడ్డం పడిందల్లా కంప్యూటర్. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఆయన పొద్దున రాగానే మీట నొక్కేవాడు. అది గురగురమని లేచి, ఆలోచించి, మళ్ళీ ఆలోచించి, ఇరవై అయిదు నిమిషాలకు తెర చూపించేది. ఈలోగా పక్క సీట్లవాళ్ళంతా టీ తాగి వచ్చేసేవారు. ఒక ఫైలు తెరవడానికి పదకొండు నిమిషాలు. మధ్యలో అచ్చు తీయమంటే అలిగి ఆగిపోయేది. ఎంత బుజ్జగించినా రోజుకు ఒక్క ఫైలు. ఆ లెక్కన ఇరవై నాలుగు రోజుల్లో ఇరవై నాలుగు. ఇంకా పదిహేడు మిగిలిపోతాయి, వాటి వెనక తను. కొత్తవాడు పని నేర్చుకుని, అవన్నీ దాటుకుని తనదాకా వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగదు.

కొత్త కంప్యూటర్ ఇమ్మని స్టోర్సుకు రాశాడు. రెండు నెలలకు జవాబొచ్చింది: సదరు యంత్రం సర్వీసు ఇంకా ఒక సంవత్సరం ఏడు నెలలు మిగిలి ఉన్నందున కోరిక తిరస్కరించడమైనది.

"నాకంటే వెనక రిటైరవుతుందన్నమాట" అనుకున్నాడు వరసయ్య. దానిమీద కాస్త అసూయ కూడా కలిగింది.

సందు చివర మెట్ల కింద దుకాణం పెట్టుకున్న రిపేరు మనిషిని అడిగితే, అతను తల కూడా ఎత్తకుండా చెప్పాడు. "దానికి జబ్బేం లేదు సార్. హార్డ్ డిస్కు ముసలిదైంది, మెమరీ చాలట్లేదు. అంతే. ఎస్సెస్‌డీ అని చిన్న డిస్కుంటుంది, అది వేస్తా. ఎనిమిది జీబీ మెమరీ ఇంకోటి వేస్తా. వాడినవే, కానీ గట్టివి. కొత్త కంప్యూటర్ ధరలో పదోవంతు కూడా అవదు. పాత డిస్కు నాకిచ్చేస్తే ఇంకొంచెం తగ్గిస్తా."

"బిల్లిస్తావా?"

"వాడిన సరుక్కి బిల్లేంటి సార్?" అన్నాడతను. ఈసారి తల ఎత్తాడు, ఇలాంటి మనిషిని చూడాలని.

శనివారం ఆఫీసుకు సెలవు. గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప పురుగు లేదు. అతను పుస్తకం తెరిచి, రిపేరు మనిషి సంచి విప్పించి చూశాడు. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కుంచె. కొత్త డిస్కు, మెమరీ రెండూ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవి. అవి చొక్కా జేబులో ఉన్నాయి. వాచ్‌మన్‌కు సంచులు చూడమని ఉత్తర్వుంది గాని జేబులు చూడమని లేదు.

పెట్టె మూత తీస్తే లోపల దుప్పటి మందాన దుమ్ము. అందులోంచి నాలుగు గుండుసూదులు, ఒక చచ్చిన బొద్దింక, ఎప్పుడో పోయిందని ముగ్గురిని అనుమానించిన రబ్బరు స్టాంపు బయటపడ్డాయి. రిపేరు మనిషి దుమ్ము దులిపాడు. పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించాడు. పాత నాలుగు జీబీల పక్కన కొత్త ఎనిమిది గుచ్చాడు. తారీఖు గుర్తుండేందుకు లోపల ఒక బిళ్ళ బ్యాటరీ మార్చాడు, అది ఊరికే. మీట నొక్కమన్నాడు.

వరసయ్య మీట నొక్కి, కూర్చుందామని కుర్చీ లాక్కునేలోపు తెర తెరుచుకుంది. ఆయన నిలబడ్డచోటే ఉండిపోయాడు. ఇన్నేళ్ళు ప్రతి పొద్దునా ఇరవై అయిదు నిమిషాలు తను దేనికోసం కూర్చున్నాడో తలుచుకుంటే ఆయనకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే సార్" అని రిపేరు మనిషి పాత డిస్కు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మళ్ళీ సంచి చూసి, చూసింది చూసినట్టు పుస్తకంలో రాసుకున్నాడు.

సోమవారం అయిదు ఫైళ్ళు అయ్యాయి. మంగళవారం అయిదు. బుధవారం నాలుగే, అది కూడా అచ్చు కాగితం అయిపోవడం వల్ల. పక్క సీట్లవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళ కష్టం వాళ్ళది. వరసయ్య కంప్యూటర్ లేచేదాకా తాగవలసిన టీని ఇప్పుడు ఏ వంకతో తాగాలో తెలియక వారం రోజులు అల్లాడిపోయారు. సూపరింటెండెంట్ గారు ఒకసారి సీటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పారు.

"కొంచెం మెల్లగా కానివ్వండి వరసయ్యగారూ. పైవాళ్ళకి అలవాటు లేదు."

"పనైతే మంచిదేగా సార్?"

"మంచిదే. కానీ చూడ్డానికి మంచిగా ఉండదు."

ఆయన వినలేదు. తొమ్మిదో రోజు సాయంత్రానికి ట్రే అడుగు కనిపించింది. అందులో మిగిలింది ఒకే ఒక్క ఫైలు, నలభై రెండోది. దాని అట్ట మీద తన పేరు చూసుకుని, తాకకుండా, ట్రేను రెండంగుళాలు ఎడమకు జరిపి తిన్నగా పెట్టి ఇంటికెళ్ళాడు. ఆ సాయంత్రం భార్యతో పాటు పార్కులో రెండు చుట్లు తిరిగాడు. ఇరవై ఏళ్ళలో ఆమె అడగకుండా ఆయన నడవడానికి వచ్చింది అదే మొదలు.

అక్కడితో ఆగితే బాగుండేది.

హెడ్డాఫీసులో ఇన్నాళ్ళూ ఈ సెక్షన్ నుంచి రోజుకు ఒక ఫైలు వచ్చేది, ఒక మనిషి దాన్ని తీరిగ్గా చూసేవాడు. ఇప్పుడు రోజుకు అయిదు వచ్చిపడుతుంటే ఆ మనిషికి చెమటలు పట్టాయి. ముప్ఫై మూడేళ్ళు నత్తలా నడిచినవాడు రిటైరయ్యే నెలలో పరుగెత్తుతున్నాడంటే అర్థమేమిటి? కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేస్తున్నాడని అర్థం. కళ్ళు ఊరికే ఎవరూ మూసుకోరు. ఎవరో ఏదో చేతిలో పెడితేనే మూసుకుంటారు. అలా అనుకుని అతను తన పైవాడి చెవిన వేశాడు. ఆ పైవాడు ఇంకా పైవాడి చెవిన వేశాడు. చిలవలు పలవలు చేరి, ఆ అనుమానం సోమవారానికి తనిఖీ అధికారి రూపంలో దిగింది.

తనిఖీ అధికారి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నోట్లో లవంగం ఉన్నట్టు మొహం పెట్టుకుని ఉండే మనిషి. నలభై ఒక్క ఫైళ్ళూ తెప్పించుకుని రెండు రోజులు చూశాడు. కూడికలు మళ్ళీ కూడాడు. తారీఖులు మళ్ళీ చూశాడు. ఒక్క తప్పు దొరకలేదు. రెండో రోజు సాయంత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క తప్పు కూడా లేదేంటండీ?" అన్నాడు.

"చూసి చేశానండీ" అన్నాడు వరసయ్య.

"నలభై ఒకటి చేసినవాడికి నాలుగైనా దొర్లాలి. అదీ మనిషి లక్షణం." ఖాళీ రిపోర్టుతో వెనక్కి వెళితే తన పని తను చేయలేదంటారని అతని దిగులు. కాసేపు గదంతా కలయజూశాడు. "సరే, స్టాకు రిజిస్టరు తెండి" అన్నాడు.

రిజిస్టరు వచ్చింది. కుర్చీలు సరిపోయాయి. బీరువాలు సరిపోయాయి. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి తనిఖీ అధికారి నోట్లో లవంగం కరిగినట్టయింది. రెండు మీటలు నొక్కి తెర మీద ఏదో చదివాడు. రిజిస్టరు చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"మెమరీ రిజిస్టరు ప్రకారం నాలుగు. ఉన్నది పన్నెండు. ఎనిమిది ఎక్కువ."

"అవునండీ. నేనే వేయించానండీ."

"డిస్కు రిజిస్టరు ప్రకారం అయిదొందలు. ఉన్నది రెండొందల నలభై. రెండొందల అరవై తక్కువ. ఆ రెండొందల అరవై ఏమైంది?"

"ఏమీ అవలేదండీ. ఇది కొంచెం చిన్నది. కానీ వేగం ఎక్కువ."

"వేగానికి రిజిస్టర్లో గడి లేదు."

సూపరింటెండెంట్ గారు సాయం చేద్దామనుకుని నోరు తెరిచారు. "అందులో ఎనిమిది ఎక్కువుంది కదండీ. దాన్ని ఇందులో సర్దేస్తే..."

"ఎక్కువని తక్కువలో సర్దకూడదు. రెండూ వేరువేరు నేరాలు" అన్నాడు తనిఖీ అధికారి. "తక్కువంటే ఇక్కణ్ణుంచి ఎటో పోయిందని. ఎక్కువంటే ఎక్కణ్ణుంచో ఇటు వచ్చిందని. ఏ ఆఫీసు కంప్యూటర్లోంచి పీకారు ఆ ఎనిమిది?"

"పీకలేదండీ, కొన్నానండీ! నా సొంత డబ్బు!"

పక్క సీట్లవాళ్ళు తలలు వంచుకున్నారు, ఆయన ఏదో సిగ్గుమాలిన మాట అన్నట్టు.

"ముప్ఫై మూడేళ్ళలో ఆఫీసు కోసం సొంత డబ్బు ఎప్పుడైనా పెట్టారా?" అన్నాడు తనిఖీ అధికారి.

"లేదండీ."

"మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా పెట్టారా?"

వరసయ్య ఆలోచించాడు. "లేదండీ."

"మరి నన్నెలా నమ్మమంటారు? బిల్లుందా?"

"వాడిన సరుకండీ. బిల్లివ్వలేదు."

"పోనీ, ఎందుకు పెట్టారు?"

అబద్ధం చెప్పడం వరసయ్యకు చేతకాదు, అదే ఆయన చేసిన పెద్ద తప్పు. "ముందున్న ఫైళ్ళన్నీ అయిపోతే, నా తర్వాత వచ్చేవాళ్ళు మొదట నా ఫైలు చూస్తారనండీ" అన్నాడు.

తనిఖీ అధికారి మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "స్వలాభం" అని పైకి అంటూ రాసుకున్నాడు.

వాచ్‌మన్‌ను పిలిపించారు. అతను గేటు పుస్తకం పట్టుకొచ్చి, వేలు పెట్టి చదివాడు. ఫలానా శనివారం, పది గంటలకు, గుమాస్తాగారి వెంట ఒక మనిషి లోపలికి. సంచిలో స్క్రూడ్రైవర్లు రెండు, కుంచె ఒకటి. పన్నెండున్నరకు బయటికి. సంచిలో స్క్రూడ్రైవర్లు రెండు, కుంచె ఒకటి, ఇనప పెట్టెలాంటిది ఒకటి.

"లోపలికి తెచ్చిందేమీ లేదన్నమాట. తీసుకెళ్ళిందే ఉంది" అన్నాడు తనిఖీ అధికారి.

"జేబులో తెచ్చాడండీ!" అన్నాడు వరసయ్య.

"నేను జేబులు చూడను సార్" అన్నాడు వాచ్‌మన్, నొచ్చుకుని. "ఉన్నది ఉన్నట్టు రాశాను. నా ఉద్యోగం అదే."

వరసయ్య అతణ్ణి ఏమీ అనలేకపోయాడు. తనూ ముప్ఫై మూడేళ్ళు చేసిన ఉద్యోగం అదే.

చివరికి తనిఖీ అధికారి ఒక మెట్టు దిగాడు. పాత డిస్కు తెచ్చి, కొత్తవి పీకేసి, కంప్యూటర్‌ను రిజిస్టర్లో ఉన్నట్టు చేసేస్తే మర్యాదగా ముగిద్దామన్నాడు. వరసయ్య ఆ సాయంత్రమే సందు చివరికి పరుగెత్తాడు. రిపేరు మనిషి ఎవరిదో ఫ్యాను విప్పి కూర్చున్నాడు.

"మొన్న నేనిచ్చిన డిస్కు కావాలయ్యా. ఎంతైనా ఇస్తా."

"ఆ డిస్కా? విప్పేశాగా సార్."

"విప్పడమేంటి?"

"ముసలిదని చెప్పాగా. లోపల రెండు అయస్కాంతాలుంటాయి, భలే గట్టివి. అవి తీసుకున్నా." బల్ల అంచుకు చూపించాడు. అక్కడ రెండు వంకర అయస్కాంతాలు, వాటికి గుత్తులు గుత్తులుగా స్క్రూలు. "కింద పడిపోకుండా అంటిపెట్టుకునుంటాయి సార్."

వరసయ్య ఆ స్క్రూలు రాల్చి, అయస్కాంతాలు, డొల్ల, లోపలి తళతళలాడే బిళ్ళ అన్నీ ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. అమ్మినదానికంటే రెండింతలు పెట్టి కొనుక్కున్నాడు. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ సంచి చూసి, "లోపలికి: ఇనప పెట్టె, ముక్కలుగా" అని రాసుకున్నాడు.

తనిఖీ అధికారి బల్ల మీద ఆ ముక్కలన్నీ పరిచారు.

"ఇందులో అయిదొందల జీబీ ఏది?"

వరసయ్య తళతళలాడే బిళ్ళను చూపించాడు. తనిఖీ అధికారి దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అందులో తన మొహం కనిపిస్తే జుట్టు సర్దుకుని, కింద పెట్టాడు. "ఆఫీసు ఆస్తి ధ్వంసం" అని నాలుగో పాయింటు రాసుకున్నాడు. ఆ బిళ్ళలో ఎందరో పింఛనుదారుల వివరాలున్నాయి గనక, అది రెండు వారాలు మెట్ల కింద ఉంది గనక, రహస్యాల వెల్లడి అని అయిదోది రాసుకున్నాడు. రబ్బరు స్టాంపు రిజిస్టర్లో పోయినట్టుంది, బల్ల మీద ఉంది. అది ఆరో పాయింటు.

సంజాయిషీ ఇవ్వడానికి మూడు రోజులు గడువిచ్చి అతను వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం సూపరింటెండెంట్ గారు వరసయ్యను టీకి తీసుకెళ్ళారు. ఇరవై రెండేళ్ళ పరిచయంలో టీ డబ్బులు ఆయనే ఇవ్వడం అదే మొదటిసారి. దాంతోనే వరసయ్యకు పరిస్థితి ఎంత విషమించిందో అర్థమైంది.

"నా మాట వినండి. దొంగతనం చేశానని ఒప్పేసుకోండి" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"సార్!"

"అరవకండి. దొంగతనానికి ఫారం ఉంది. నింపి, సంతకం పెట్టి, ఆ వస్తువు ఖరీదు కట్టేస్తే వారంలో మూసేస్తారు. నిర్లక్ష్యానికి ఫారం ఉంది. పోగొట్టుకున్నదానికి ఉంది. మీరు చేసినదానికి లేదు. సొంత డబ్బుతో ఆఫీసు సామాను బాగుచేశానంటే అది ఏ ఫారంలో రాయాలో నాకే తెలీదు. ఫారం లేని కేసు ఎన్నేళ్ళు నడుస్తుందో చెప్పలేం. అది తేలేదాకా మీ పింఛను కదలదు."

"నేను దొంగతనం చేయలేదు సార్."

"చేయలేదనే చెప్తున్నా. చేసుంటే నేను ఇంత కష్టపడేవాణ్ణి కాదు."

ఇంటికెళ్ళి చెబితే భార్య వంటింటి గుమ్మంలో కూలబడింది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది ఆయనకు. "ముప్ఫై మూడేళ్ళు ఒక్క పైసా ముట్టలేదు" అంది. "ముట్టుకున్నవాళ్ళు మేడలు కట్టుకుని హాయిగా రిటైరయ్యారు. మీరు ఎదురిచ్చి దొంగయ్యారు. దొంగని చెప్పుకోడానికి మనింట్లో కనీసం ఒక మంచి సోఫా అయినా లేదు కదండీ."

"నేను ఒప్పుకోను" అన్నాడాయన.

"ఒప్పుకోమని ఎవరన్నారు? రాయండి. జరిగింది జరిగినట్టు రాయండి. ఇన్నేళ్ళు వాళ్ళ రాతలు రాశారు. ఒక్కసారి మీ రాత మీరు రాసుకోండి."

ఆయన రాశాడు. రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. పాత యంత్రం లేవడానికి ఎన్ని నిమిషాలు, కొత్త భాగాలు వేశాక ఎన్ని సెకన్లు. ఒక ఫైలు తెరవడానికి అప్పుడెంత, ఇప్పుడెంత. నలభై ఒక్క ఫైళ్ళు కళ్ళు మూసుకుని చేయలేదు, కళ్ళు తెరిచే చేశాను, కంప్యూటర్ కళ్ళు తెరవడమే ఇన్నాళ్ళూ ఆలస్యమైందని రాశాడు. చివర్లో ఇంకా ఏదో తక్కువైనట్టు అనిపించి, ఒక వాక్యం చేర్చాడు: "ఈ సీటుకు నెలకు కొత్తగా వచ్చే పది ఫైళ్ళు పూర్వం పది పన్నెండు రోజుల పని కాగా, ఇప్పుడు కేవలం రెండు రోజుల పని మాత్రమేనని, కావలసినవారు ఎవరైనా స్వయంగా పరీక్షించుకోవచ్చునని సవినయంగా మనవి."

భార్య కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగి, ఇంకోసారి చదివింది. "ఇది చదివితే ఎవరికైనా మనసు కరుగుతుంది" అంది. ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

ఆఖరి పనిదినం వచ్చింది. మూడు గంటలకు వీడ్కోలు సభ. కుర్చీలు గోడవారగా వేశారు. బిస్కట్లు ప్లేట్లలో పెట్టారు. భార్య కూడా మంచి చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. హెడ్డాఫీసు నుంచి జవాబు ఇంకా రాలేదు గనక, సభలో మాట్లాడినవాళ్ళంతా జాగ్రత్తగా మాట్లాడారు. ఆయన నిజాయితీ గురించి ఎవరూ ఎత్తలేదు. చేతిరాత బాగుంటుందన్నారు. సమయానికి వస్తాడన్నారు. ఒకాయన ఆరోగ్యం గురించి మాట్లాడి కూర్చున్నాడు.

టీ పోస్తుండగా కవరు వచ్చింది. సూపరింటెండెంట్ గారు చింపి, పైపైన చూసి, మొహం విప్పారగా లేచి నిలబడ్డారు.

"మిత్రులారా! మంచి వార్త. చదువుతాను వినండి. 'సదరు గుమాస్తా సమర్పించిన సంజాయిషీని కూలంకషంగా పరిశీలించడమైనది. అందులోని ప్రతి వాక్యం నిజమని తనిఖీలో రుజువైనందున, వారి మీది అభియోగాలన్నీ ఉపసంహరించడమైనది.'"

చప్పట్లు మోగిపోయాయి. ఇంతవరకు జాగ్రత్తగా మాట్లాడినవాళ్ళే అందరికంటే గట్టిగా కొట్టారు. భార్య కొంగు కళ్ళకు అద్దుకుంది. వరసయ్య కుర్చీలోంచి లేవలేకపోయాడు. ముప్ఫై మూడేళ్ళ తర్వాత, ఆయన రాసింది ఒకరు చదివారు. చదివి నమ్మారు. ఆయనకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది.

"ఆగండాగండి, ఇంకా ఉంది" అన్నారు సూపరింటెండెంట్ గారు. "'సంజాయిషీలో వారే సవినయంగా మనవి చేసినట్టు, ఈ సీటులో నెలకు రెండు రోజుల పని మాత్రమే ఉన్నదని తేలినందున, రేపటి నుంచి ఈ సీటును రద్దు చేయడమైనది. ఇకముందు వచ్చే కొత్త ఫైళ్ళను హెడ్డాఫీసే చూసుకుంటుంది. సీటులో ఇప్పటికే నమోదైన ఫైళ్ళేమైనా ఉంటే వాటిని యథాప్రకారం ఆ సీటులోనే పూర్తిచేయవలెను.'"

ఊపులో ఉన్నారేమో, జనం దీనికి కూడా చప్పట్లు కొట్టారు. వరసయ్య కూడా రెండు చరుపులు చరిచాడు. మూడోదానికి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"సార్, మరి నా ఫైలు?" అన్నాడు.

"దానికేం? మీ తర్వాత వచ్చేవారు చేస్తారు."

"నా తర్వాత ఎవరూ రారు కదా సార్. సీటే లేదు కదా."

సూపరింటెండెంట్ గారు కాగితం మళ్ళీ చదివారు. "హెడ్డాఫీసు..." అని మొదలుపెట్టి, "కొత్త ఫైళ్ళు" అన్న మాట దగ్గర ఆగారు. నలభై రెండోది కొత్తది కాదు. నమోదై చాలాకాలమైంది. చాలాసేపు తల గోక్కుని, ఆయన వరసయ్య చెవిలో మెల్లగా అన్నారు: "ఆఫీసు మూసేదాకా ఇంకా గంటన్నరుంది. సీటూ ఉంది, మీరూ ఉన్నారు. మీరే చేసేసుకోండి. నేను ఇటు తిరిగి బిస్కట్లు తింటుంటా."

వరసయ్య వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. భార్య వెనకే వచ్చి నిలబడింది. ఫైలు తెరిచాడు. తన పేరు, తను చేరిన తారీఖు, తన ముప్ఫై మూడేళ్ళు, అన్నీ ఒక్క తెరలో పట్టాయి. కింద ఒక గడి ఖాళీగా ఉంది: పరిశీలించినవారి సంతకం.

"పెట్టేయండి" అంది భార్య.

"నా ఫైలు నేను చేసుకోకూడదు."

"ఎవరు చూస్తారండీ?"

"ఎవరో ఒకరు చూస్తారు. చూసినరోజు ఈ నాలుగు పేజీలు కూడా అబద్ధమంటారు." ఆయన మీటల మీంచి చేతులు తీసేశాడు. "ఇప్పుడే కదే నిజమన్నారు."

అయిదు గంటలకు ఆయన కంప్యూటర్ ఆపేసి, తాళంచెవులు అప్పగించి, భార్య చేయి పట్టుకుని మెట్లు దిగాడు.

మొదటి నెల దాచుకున్నదాంతో గడిచింది. రెండో నెల మొదట్లో భార్య చేతి గాజులు రెండు తగ్గాయి. అప్పుడు ఆయన హెడ్డాఫీసుకు మర్యాదగా ఒక ఉత్తరం రాశాడు: నలభై రెండో నంబరు ఫైలు ఎవరు చూస్తారో, ఎప్పటికవుతుందో తెలియజేయ ప్రార్థన. జవాబులో మూడే వాక్యాలున్నాయి. సదరు ఫైలు సంబంధిత సీటులోనే పూర్తికావలసి ఉన్నది. సదరు సీటు ప్రస్తుతం లేదు. సీటు లేనందున ఈ ఆలస్యానికి బాధ్యులు కూడా ఎవరూ లేరు.

జవాబు మాత్రం రెండో రోజుకే వచ్చింది. హెడ్డాఫీసువాళ్ళు కూడా కంప్యూటర్లు బాగుచేయించుకున్నారట.